తుంటి కీలు తొలగిన పిల్లలు మన దేశంలో ఎంతమంది?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. పాపకి పద్నాలుగో నెల. నడక వచ్చిన దగ్గర్నించి ఎడమవైపు ఒరిగిపోతూ నడుస్తోంది. ఎక్స్‌రే తీసి ఎడమ తుంటి కీలు తొలగి ఉంది, దీన్ని డీడీహెచ్ అంటారు అన్నారు. మన దేశంలో ఇది ఎంతమందికి వస్తుంది? ఒకచోట వెయ్యికి ఒకరని, ఇంకోచోట అరవైలో ఒకరని చదివాను. పురుడు రాజోలులో మా అమ్మావాళ్ళింటి దగ్గర జరిగింది. ఎదురుకాళ్ళు ఉన్నాయని సిజేరియన్ చేశారు. అప్పుడే ఎందుకు తెలియలేదు? మా బావనే చేసుకున్నాను, మేనరికం వల్లే ఇలా అయిందని అందరూ అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

అమ్మా, మీరు చదివిన రెండు అంకెలూ సరైనవే. ఒకటి బిడ్డ పుట్టిన రోజుల్లో లెక్కపెట్టింది, ఇంకోటి కొన్ని వారాలు ఆగి లెక్కపెట్టింది. ఈ తేడా ఎందుకొచ్చిందో తెలిస్తే మీ మిగతా ప్రశ్నలకి కూడా చాలావరకు జవాబు దొరుకుతుంది, అందుకే అక్కణ్ణించే మొదలుపెడతాను. నేను పిల్లల ఎముకల డాక్టర్ని. చాలా ఏళ్ళుగా గోదావరి జిల్లాల పిల్లల్నే చూస్తున్నాను.

ఇంగ్లండులో సాల్‌ఫర్డ్ అనే ఊళ్ళో బార్లో అనే డాక్టరు అప్పుడే పుట్టిన పిల్లల తుంటి కీళ్ళని చేత్తో పరీక్షించి, 1962లో ఆ ఫలితాలు ప్రచురించాడు. ప్రతి 60 మందిలో ఒకరికి తుంటి కీలు వదులుగా ఉంది. తొడని కాస్త వెనక్కి నొక్కితే తొడ ఎముక తల, అది కూర్చునే తుంటి గుంటలోంచి, అంటే గిన్నెలోంచి జారుతోంది. వాళ్ళని గమనిస్తూ పోతే నూటికి 60 మందికి మొదటి వారంలోనే దానంతటదే బిగుసుకుంది. రెండు నెలలు నిండేసరికి నూటికి 88 మందికి సర్దుకుంది. చివరికి వెయ్యికి ఒకరిద్దరు మిగిలారు. ఊరూ డాక్టరూ పిల్లలూ ఎవరూ మారలేదు. మొదటి రోజు అడిగితే అరవైలో ఒకరు, రెండు నెలలాగి అడిగితే వెయ్యికి ఒకరిద్దరు.

తర్వాత అల్ట్రాసౌండ్ వచ్చింది. 1980 ప్రాంతంలో ఆస్ట్రియా డాక్టరు గ్రాఫ్, పసిపిల్లల తుంటి కీలుని స్కాన్‌లో ఎలా చూడాలో, గిన్నె లోతుని కోణాలతో ఎలా కొలవాలో పద్ధతి ఏర్పరిచాడు. ఆస్ట్రియాలో 1992 నుంచి, జర్మనీలో 1996 నుంచి పుట్టిన ప్రతి బిడ్డకీ ఈ స్కాన్ చేస్తున్నారు. చేతికి దొరకని తేడాలు కూడా స్కాన్‌లో దొరుకుతాయి. గిన్నె కొంచెం లోతు తక్కువగా ఉండి, కీలు మాత్రం ఉన్నచోటే ఉండే పిల్లలు చాలామంది ఉంటారు. వాళ్ళని కూడా డీడీహెచ్ కింద రాసుకుంటే అంకె ఒక్కసారిగా పెరిగిపోతుంది. వాళ్ళలో ఎక్కువమందికి నెలలు గడిచేకొద్దీ గిన్నె మామూలుగానే లోతు పడుతుంది.

అందుకే ఎవరైనా ఒక అంకె చెప్పినప్పుడు మూడు విషయాలు అడగాలి: ఏ వయసులో చూశారు, దేనితో చూశారు, ఎంత తేడా ఉంటే జబ్బు అన్నారు. ప్రపంచం మొత్తం మీద వచ్చిన అధ్యయనాలని 2011లో ఒకచోట చేర్చి చూస్తే, వెయ్యి జననాలకి 0.06 నుంచి 76.1 దాకా అంకెలు కనిపించాయి. మొదటిది ఆఫ్రికాలో ఉండే ఆఫ్రికన్లది, రెండోది అమెరికా ఆదివాసులది. వెయ్యి రెట్లకి మించిన తేడా. ఇందులో కొంత లెక్కపెట్టే తీరులోని తేడా, కొంత రక్తంలోంచి వచ్చేది. మిగిలింది బిడ్డని ఎత్తుకునే, చుట్టే అలవాట్ల వల్ల.

మన దేశం సంగతి. వేర్వేరు ఆసుపత్రుల్లో జరిగిన అధ్యయనాల్లో వెయ్యికి 1 నుంచి 9 దాకా అంకెలు వచ్చాయి. దేశమంతటా పుట్టిన పిల్లలందరినీ ఒకే పద్ధతిలో పరీక్షించి, నడక వచ్చేదాకా వెంట ఉండి లెక్క తేల్చిన రిజిస్టరు మనకి లేదు. కీలు నిజంగా తొలగి, వైద్యం చేస్తేనే గానీ సరికాని పిల్లలు వెయ్యికి ఒకరు, మహా అయితే ఇద్దరు అనుకోవడం సబబని నా అభిప్రాయం. తక్కువలో తక్కువగా ఒకరే అనుకున్నా, దేశంలో ఏటా దాదాపు 2 కోట్ల 30 లక్షల మంది పిల్లలు పుడుతున్నారు కాబట్టి ఇరవై వేలు దాటుతారు. ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే ఏటా ఏడెనిమిది వందల మంది. అరుదు అనే మాట విని మీరు ఒంటరిగా ఫీల్ అవ్వొద్దు. మీ పాప లాంటి పిల్లలు ప్రతి జిల్లాలో ప్రతి ఏడూ పుడుతున్నారు.

మరి వాళ్ళంతా ఎక్కడున్నారు? లెక్కలో ఎందుకు కనపడరు? నన్ను ఎక్కువ బాధపెట్టేది ఈ విషయమే, కాస్త వివరంగా చెప్తాను.

మన రాష్ట్రంలో నూటికి 96కి పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్తోంది. అంటే దాదాపు ప్రతి బిడ్డా మొదటి రోజున డాక్టరు చేతిలోనే ఉంటుంది. ఆ రోజు తుంటి కీలు పరీక్ష సరిగ్గా చేసినా కొంతమందికి తేడా తెలియదు, ఎందుకంటే పుట్టినప్పుడు బాగానే ఉండి తర్వాత నెలల్లో మెల్లగా జారే కీళ్ళు కూడా ఉంటాయి. డీడీహెచ్ (డెవలప్‌మెంటల్ డిస్‌ప్లేసియా ఆఫ్ ది హిప్, అంటే ఎదుగుదలలో తుంటి కీలు సరిగ్గా ఏర్పడకపోవడం) అనే పేరు పెట్టిందే అందుకు, పుట్టుకతోనో తర్వాతో మొదలై పెరుగుదలతో పాటు మారే జబ్బు కాబట్టి. కాబట్టి ఆరు వారాలకి మళ్ళీ చూడాలి, టీకాలకి వచ్చిన ప్రతిసారీ చూడాలి. ఇంకో సంగతి. రెండు మూడు నెలలు దాటాక కండరాలు బిగుస్తాయి, కీలు జారడం చేతికి తెలియదు. అప్పుడు చూడాల్సింది తొడ ఎంతవరకు పక్కకి తెరుచుకుంటోంది అన్నది.

ఆ ఆరు వారాల పరీక్ష దగ్గరే మన పద్ధతుల్లో ఒక ఖాళీ ఉంది. మొదటి పురుడు పుట్టింట్లో. బారసాల అయ్యాక, మూడో నెలో అయిదో నెలో చూసుకుని బిడ్డని అత్తారింటికి పంపిస్తారు. మీ విషయంలో కూడా అదే జరిగి ఉంటుంది. కాన్పు చేసిన డాక్టరు, మొదటి టీకాలు వేసిన ఏఎన్ఎం రాజోలు వైపు. తర్వాతి టీకాలు, అంగన్‌వాడీ, ఆశా కార్యకర్త పాలకొల్లు వైపు. చించినాడ వంతెనకి అటు కోనసీమ జిల్లా, ఇటు పశ్చిమ గోదావరి జిల్లా. ఎదురుకాళ్ళ బిడ్డ అన్న మాట ఆ వంతెన దాటి రాలేదు. ఇటువైపు ఉన్న ఏఎన్ఎంకి ఆ సంగతి చెప్పేవాళ్ళు లేరు, అడగమని ఆమెకి ఎవరూ నేర్పి ఉండరు. నా దగ్గరికి నడక వచ్చాక వచ్చే పిల్లల తల్లిదండ్రుల నోట ఇలాంటి కథే తరచుగా వింటాను.

కేంద్ర ప్రభుత్వం 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలుపెట్టింది. అందులో పుట్టుకతో వచ్చే లోపాలు తొమ్మిదింటిని వెతకమన్నారు, గ్రహణమొర్రి, వంకర పాదాలు, గుండె జబ్బులతో పాటు తుంటి కీలు జబ్బు కూడా ఆ తొమ్మిదిలో ఉంది. ఇది చాలా మంచి నిర్ణయం. అయితే గ్రహణమొర్రి కంటికి కనపడుతుంది, వంకర పాదం కనపడుతుంది. తొలగిన తుంటి కనపడదు. బిడ్డకి నొప్పి ఉండదు, ఏడవదు, పాలు తాగుతుంది, బరువు పెరుగుతుంది. కావాలని తొడలు తెరిచి చూసేవాళ్ళకే దొరుకుతుంది. అందుకే చూసే చేతులకి శిక్షణ ఇవ్వకపోతే ఆ జాబితాలో పేరు ఉన్నంత మాత్రాన పిల్లలు దొరకరు.

పెద్దయ్యాక కూడా లెక్కలోకి రారు. 2011 జనాభా లెక్కల్లో కదలికకి సంబంధించిన వైకల్యం ఉన్నవాళ్ళు దేశంలో 54 లక్షలకి పైగా తేలారు. వాళ్ళు ఏ కారణంతో కుంటుతున్నారో ఆ లెక్క అడగలేదు. మన ఊళ్ళల్లో ఒక తరం వాళ్ళలో ఎవరు కుంటినా పోలియో అనే అనేవాళ్ళు. నలభై, యాభై ఏళ్ళ ఆడవాళ్ళు నడుం నొప్పి, తుంటి నొప్పి అంటూ వస్తారు. చిన్నప్పుడు పోలియో వచ్చిందండి అంటారు. కాలు కండ చూస్తే బాగానే ఉంటుంది, ఎక్స్‌రేలో చూస్తే తొడ ఎముక తల పుట్టినప్పటినుంచి గిన్నెలో లేదని తెలిసిపోతుంది. ఆ కాలితోనే వరినాట్లు వేశారు, పిల్లల్ని కన్నారు. పెళ్ళి కుదరదన్న భయంతో ఆడపిల్ల నడక గురించి ఇంట్లోవాళ్ళు బయట మాట్లాడకపోవడం కూడా వాళ్ళని లెక్కకి దూరం చేసింది. ఈ జబ్బు ఆడపిల్లలకి మగపిల్లల కంటే నాలుగైదు రెట్లు ఎక్కువ. ఆడపిల్ల కుంటుతుంటే దాచే చోట ఆ జబ్బు అంకె చిన్నదిగా కనపడటంలో ఆశ్చర్యం లేదు.

నన్నడిగితే మన జిల్లాలకి తెలియాల్సిన అంకె అసలు వేరు. పుట్టినప్పుడు ఎంతమందికి వదులుగా ఉంది అన్నది కాదు, ఏడాది దాటాక ఎంతమందికి మొదటిసారి బయటపడింది అన్నది. ఇంగ్లండులో కుటుంబ డాక్టర్ల రికార్డులన్నీ తిరగేసి ఈ లెక్క తీశారు. 1990 నుంచి 2016 దాకా చూస్తే, ఏడాది దాటాక బయటపడినవాళ్ళు వెయ్యి జననాలకి 1.28 మంది. అక్కడ 1969 నుంచే పసిపిల్లల తుంటి పరీక్షలకి ప్రభుత్వ మార్గదర్శకాలు ఉన్నాయి, అయినా ఇంతమంది జారిపోతున్నారు. ఇది చదివాక, మీ ఊరి ఏఎన్ఎం మీద గానీ ఆ డాక్టరు మీద గానీ మీకు కోపం కొంచెం తగ్గొచ్చు. మీ మీద మీకున్న కోపం మాత్రం పూర్తిగా పోవాలి. రికార్డులున్న దేశం తన లోటుని తాను చూసుకోగలిగింది. మనకీ ఆ లెక్క కావాలి, ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఒక పుస్తకం పెట్టి, ఎన్నో నెలలో దొరికింది, ఎదురుకాళ్ళా, పుట్టిల్లు ఎక్కడ అని రాస్తే చాలు, రెండు మూడేళ్ళలో దారి కనపడుతుంది.

అలవాట్ల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మన డెల్టాలో ఒక మంచి అలవాటు, ఒక జాగ్రత్త పడాల్సిన అలవాటు పక్కపక్కనే ఉన్నాయి. జపాన్‌లో పసిపిల్లల కాళ్ళు చాపి బిగించి చుట్టేవాళ్ళు. అప్పట్లో అక్కడ నూటికి ఒకరి నుంచి ముగ్గురి దాకా ఈ జబ్బు ఉండేది. 1970లలో కాళ్ళు మడిచి వదులుగా ఉంచమని దేశమంతా ప్రచారం చేశారు. తర్వాత అది వెయ్యికి ఇద్దరికి పడిపోయింది. మందూ లేదు, ఆపరేషనూ లేదు, గుడ్డ చుట్టే తీరు మారింది, అంతే. ఇక్కడ బిడ్డ మెడ నిలబెట్టిన దగ్గర్నించి అమ్మమ్మా పిన్నీ పక్కింటి పిల్లా అందరూ చంకనెత్తుకునే తిరుగుతారు. ఎత్తుకున్నవాళ్ళ నడుముకి అటో కాలు ఇటో కాలు వేసుకుని కూర్చుంటే తొడ ఎముక తల గిన్నెలోకి చక్కగా ఒదుగుతుంది. ఇది మానకండి. జాగ్రత్త పడాల్సింది మొదటి మూడు నెలల గురించి. స్నానం పోసేటప్పుడు రెండు కాళ్ళూ కలిపి పట్టుకుని సాగదీయడం, చీలమండలు పట్టుకుని తలకిందులుగా వేలాడదీయడం, తర్వాత పొత్తిళ్ళలో కాళ్ళు నిటారుగా పెట్టి బిగించడం వద్దు. నూనె రాయొచ్చు, నలుగు పెట్టొచ్చు. చేతుల దగ్గర చుట్టుకోండి, కాళ్ళ దగ్గర మాత్రం మోకాళ్ళు మడిచి కదిలించుకునేంత వదులు ఉంచాలి. ఇది పెద్దవాళ్ళకి నెమ్మదిగా చెప్తే వింటారు.

ఇక మేనరికం మాట. ఇది ఒక్క జన్యువు చెడితే వచ్చే జబ్బు కాదు. కుటుంబంలో ఎవరికైనా ఉంటే అవకాశం పెరుగుతుంది, అది నిజం. కానీ మేనరికాలు అరుదైన ఆస్ట్రియా లాంటి చోట కూడా ఇది ఎక్కువే. మీ పాప విషయంలో కారణాలు వెతికితే కళ్ళ ముందే ఉన్నాయి: ఆడపిల్ల, తొలిచూలు, ఎదురుకాళ్ళు. మొదటి కాన్పులో గర్భసంచి బిగువుగా ఉంటుంది, అందులో కాళ్ళు పైకి చాపుకుని కూర్చున్న బిడ్డ తుంటి మీద ఒత్తిడి పడుతుంది. ఎడమవైపు ఎక్కువగా రావడం కూడా మామూలే. సిజేరియన్ చేశారు కాబట్టి ఎదురుకాళ్ళ ప్రభావం ఉండదని చాలామంది అనుకుంటారు. బిడ్డ నెలల తరబడి లోపల కూర్చున్న తీరు వల్ల వచ్చేది, బయటికి వచ్చిన దారి వల్ల కాదు. మన వైపు ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు తన్నితే నడుం పట్టు వదులుతుందని పెద్దలు ప్రత్యేకంగా గుర్తుంచుకుని పిలుస్తారు. ఆ గుర్తింపు పుట్టిన ఆరో వారంలో ఒక స్కాన్ చేయించేదాకా వస్తే ఎంతమంది పిల్లలు బాగుపడతారో. బంధువులు మళ్ళీ మేనరికం అంటే, మీరు వాదించాల్సిన పని లేదు. డాక్టరు ఎదురుకాళ్ళ వల్ల అన్నారని చెప్పేయండి.

ఇప్పుడు పాపకి చేయాల్సింది. పద్నాలుగు నెలలంటే ఆలస్యమే, చేయి దాటిపోలేదు. ఆర్నెల్లలోపు అయితే కాళ్ళు మడిచి, తొడలు తెరిచి ఉంచే పావ్లిక్ బెల్టు సరిపోయేది, ఈ వయసుకి అది పనికిరాదు. మత్తు ఇచ్చి, కీలులోకి మందు ఎక్కించి ఎక్స్‌రేలో చూస్తూ, కోయకుండా తొడ ఎముక తలని గిన్నెలో కూర్చోబెట్టే ప్రయత్నం ముందు చేస్తారు. కుదిరితే నడుం నుంచి కాళ్ళ దాకా స్పైకా అనే పిండికట్టు వేస్తారు. మధ్యలో ఒకసారి మారుస్తూ మొత్తం మూడు నెలల చుట్టూ ఉంటుంది. బలవంతం చేస్తే గానీ కూర్చోవడం లేదంటే, కోసి సరిచేయడమే మంచిది. బలంగా అణిచిపెడితే ఎముక తలకి రక్తం అందక దెబ్బతినే ప్రమాదం ఉంది. ఏడాదిన్నర, రెండేళ్ళు దాటేకొద్దీ ఆపరేషన్ పెద్దదవుతుంది, తొడ ఎముకని, గిన్నె పై ఎముకని కూడా కోసి సరిచేయాల్సి రావచ్చు. అందుకని పంట కోతలయ్యాక, సంక్రాంతి వెళ్ళాక అని వాయిదా వేయకండి. కట్టు కట్టే నాటువైద్యం కోసం, మసాజ్ కోసం నెలలు ఖర్చుపెట్టకండి, తొలగిన కీలు వాటితో లోపలికి వెళ్ళదు. పిల్లల ఎముకల ఆపరేషన్లు తరచుగా చేసే చోటికే వెళ్ళండి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏది వస్తుందో ఆ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రని ముందే అడగండి.

స్పైకా కట్టుతో మన ఉక్కపోతలో ఇబ్బంది ఉంటుంది. డైపరు చిన్నది కట్టు లోపలికి దోపి, పెద్దది బయట కట్టండి. తడిస్తే వెంటనే మార్చండి, కట్టులో పౌడరు పోయకండి. ఫ్యాను కింద తల వైపు కొంచెం ఎత్తుగా పడుకోబెట్టండి. కాలివేళ్ళు రోజూ చూస్తుండాలి, నీలంగా మారినా వాచినా, కట్టులోంచి చెడు వాసన వచ్చినా, జ్వరం వచ్చినా అదే రోజు తీసుకెళ్ళాలి. కట్టు తీశాక కొన్ని నెలలు నడక తడబడుతుంది, భయపడొద్దు. తర్వాత ఎదుగుదల ఆగేదాకా డాక్టరు చెప్పినన్ని సార్లు ఎక్స్‌రే మానకుండా చూపించాలి. ఇంకోటి, ఎక్స్‌రేలో కుడివైపు కూడా బాగుందో లేదో అడిగి నిర్ధారించుకోండి. రెండువైపులా తొలగిన పిల్లలు ఒకవైపు ఒరగరు, బాతు నడక నడుస్తారు. రెండు కాళ్ళూ సమానంగా ఉండటంతో ఇంట్లోవాళ్ళు ఇంకా ఆలస్యంగా గుర్తిస్తారు.

మీరు అడగలేదు గానీ తర్వాత తప్పకుండా అడుగుతారు: ఇంకో బిడ్డకి కూడా వస్తుందా? తల్లిదండ్రులకి లేకుండా ఒక బిడ్డకి ఉంటే, తర్వాతి బిడ్డకి వచ్చే అవకాశం నూటికి 6. తల్లికో తండ్రికో కూడా ఉంటే నూటికి 36. కాబట్టి మీకూ మీవారికీ నడకలో తేడా, చిన్న వయసులోనే తుంటి నొప్పి ఉంటే ఒక ఎక్స్‌రే తీయించుకోండి. ఈసారి కాన్పు కార్డు మీద, టీకా కార్డు మీద కూడా అక్కకి డీడీహెచ్ అని పెద్ద అక్షరాలతో రాయించండి. పుట్టిన రోజున చేత్తో పరీక్ష, ఆరో వారంలో తుంటి అల్ట్రాసౌండ్. నాలుగైదు నెలలు నిండేదాకా ఎక్స్‌రేలో తొడ ఎముక తల సరిగ్గా కనపడదు, కాబట్టి ముందు స్కానే కావాలి. పసిపిల్లల తుంటి స్కాన్ ఎవరు చేస్తారో కాన్పుకి ముందే కనుక్కుని పెట్టుకోండి, అందరు రేడియాలజిస్టులూ చేయరు. పుట్టింట్లో ఉండగానే అది చేయించి, ఆ రిపోర్టు చేత్తో పట్టుకునే పాలకొల్లు రండి.